ఆకురాయి ఆగిన చోట

రండి, మంట దగ్గరికి జరగండి. సంక్రాంతికి వారం ముందర వైరా చెరువు మీంచి వచ్చే గాలి ఎముకల్లోకి దిగుతుంది. మిరప చేలకు కాపలా పోయేవాళ్లు గొంగళ్లు కప్పుకుని ఇప్పుడే ఈ దారిన వెళ్లారు. నిజాం కాలంలో, 1930లో కట్టిన చెరువు ఇది. చలికాలం పరజలు దిగుతాయి. తెల్లవారుజామున అవి ఒక్కసారిగా నీళ్ల మీంచి లేచినప్పుడు వచ్చే రెక్కల చప్పుడు వింటే నాకు మా పెదనాన్న జోడు గొట్టాల తుపాకీ గుర్తొస్తుంది. ఈ రాత్రి దాని ముచ్చటే చెబుతాను. దాంతోపాటు దానికంటే ఎన్నో రెట్లు గొప్పవైన దాని దాయాదుల ముచ్చట కూడా.

ముందే ఒక మాట చెప్పాలి. నేను వేట గురించి చెప్పబోవడం లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ తరవాత మా పెదనాన్న పిట్ట మీద గురి పెట్టలేదు. ఏన్కూరు వైపు అడవి అంచున ఉన్న మా చేలోకి పందుల మంద దిగినప్పుడు ఆకాశంలోకి ఒకటి పేల్చేవాడు, అంతే. వేట ఆగడం మంచిదైంది. కిన్నెరసాని పక్కన దుప్పులు భయం లేకుండా నీళ్లు తాగడం చూసినవాడెవడూ ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకోడు. నాకు ఇష్టమైంది ఆ వస్తువు. ఇనుముకీ కర్రకీ మధ్య వెంట్రుక దూరనంత సందు కూడా లేకుండా కూర్చిన ఆ చేతిపని.

మా ఇంటి తుపాకీ బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేసింది. పన్నెండు నంబరు. పన్నెండు అంటే ఏమిటని చిన్నప్పుడు నేనూ అడిగాను. ఒక పౌను సీసం కరిగించి పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి బోలు అంత ఉంటుందన్న మాట. అందుకే పదహారు నంబరు, ఇరవై నంబరు తుపాకులు పన్నెండుకన్నా సన్నగా ఉంటాయి. అంకె పెరిగితే గొట్టం చిక్కుతుంది.

ఏటా వానలు వెనకబడ్డాక ఖమ్మం నుంచి ఒక మిస్త్రీ సైకిల్ మీద వచ్చేవాడు. వెనక కారియర్‌కి రేకు పెట్టె కట్టుకుని, ఊళ్లో లైసెన్సు తుపాకులున్న మూడు నాలుగు ఇళ్లూ తిరిగేవాడు. ఒక ఏడు మా తుపాకీ మూత పడటానికి బాగా బిగుసుకుంది. పెదనాన్న, “మిస్త్రీ, కాస్త ఆకురాయి పెట్టి సర్దు” అన్నాడు. మిస్త్రీ ఏమీ అనలేదు. గొట్టాలు విడదీసి, గడ్డకట్టిన నూనె అంతా కిరసనాయిలుతో కడిగాడు. తరవాత మా పెద్దమ్మనడిగి బుడ్డి దీపం వెలిగించుకున్నాడు. గొట్టాల వెనక భాగం ఆ పొగకు పట్టి నల్లగా మసి పట్టించాడు. తుపాకీ కూర్చి, మూసి, మళ్లీ తెరిచాడు. మసి ఎక్కడెక్కడ చెరిగిందో నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. అంచు నుంచి అంచు దాకా సమానంగా చెరిగి ఉంది.

“చూడు పటేలా, అంతటా ఒక్క తీరుగ ఆనుతుంది. మురికి పట్టింది, అంతే. దీన్ని చేసినోడు ఆకురాయి ఎక్కడ ఆపాలనో అక్కడ ఆపిండు. నేను మళ్లీ మొదలుపెట్టొద్దు.”

అప్పుడు నాకు పదేళ్లు. ఆ మాట ఎంత పెద్దదో ఆ రోజు తెలియలేదు. చాలా ఏళ్ల తరవాత లండన్ తుపాకుల తయారీ గురించి చదువుతుంటే, అక్కడి పనివాళ్లూ అచ్చం ఇదే పని చేస్తారని తెలిసింది. వాళ్ల బల్ల మీదా ఒక చిన్న దీపం ఉంటుంది. ఒక ముక్కను మసి పొగకు పట్టి, రెండో ముక్కతో కలిపి నొక్కి, తీసి చూస్తారు. మసి చెరిగిన చోట ఎత్తు ఉన్నట్టు. అక్కడ ఆకురాయితో ఒక్క గీత గీస్తారు. మళ్లీ మసి, మళ్లీ నొక్కడం, మళ్లీ ఒక గీత. ఇలా వందలసార్లు. చివరికి రెండు ఉక్కు ముక్కలు ఒకదాని మీద ఒకటి మరచెంబు మీద మూత కూర్చున్నట్టు కూర్చుంటాయి. ఖమ్మం మిస్త్రీ బుడ్డి దీపానికీ లండన్ కార్ఖానా దీపానికీ మధ్య నాకు తేడా కనిపించదు.

మా పెదనాన్నది మంచి తుపాకీయే కానీ మహరాజుల సరుకు కాదు. దాని లోపలి మరలు 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీకి చెందిన ఆన్సన్, డీలీ అనే ఇద్దరు పేటెంటు చేసిన పద్ధతివి. అంతకు ముందు తుపాకీకి గొట్టాల పక్కన రెండు కొక్కేలు కుందేలు చెవుల్లా పైకి లేచి ఉండేవి. వాటిని బొటనవేలితో వెనక్కి లాగి పేల్చాలి. వీళ్లు ఆ కొక్కేలను లోపల దాచేశారు. గొట్టాలు కిందికి వంచగానే అవే బిగుసుకునేట్టు చేశారు. ముక్కలు తక్కువ, గట్టిదనం ఎక్కువ. అందుకే ప్రపంచమంతా ఆ పద్ధతిని తీసుకుంది. వైరా దాకా వచ్చింది.

అసలు పైమెట్టు సరుకు వేరు. బాస్, వెస్ట్లీ రిచర్డ్స్ 1812లో, పర్డీ 1814లో, హాలండ్ అండ్ హాలండ్ 1835లో మొదలయ్యాయి. రెండు వందల ఏళ్లుగా చేస్తున్న పని. ఇప్పటికీ పర్డీ దగ్గరికి పోయి ఒక జోడు గొట్టాల తుపాకీ కావాలంటే మన లెక్కలో కోటి రూపాయలు దాటుతుంది. డబ్బు కట్టాక ఏడాదిన్నరో రెండేళ్లో ఆగాలి. మొదటి మోటు కోత ఇప్పుడు కంప్యూటర్ యంత్రాల మీద చేస్తున్నారు, అది దాచాల్సిన విషయం కాదు. ఆ తరవాత పడే వందల గంటలు మాత్రం మనిషి చేతివే. గొట్టాలు చేసేవాడు గొట్టాలే చేస్తాడు. లోపలి మరలు కూర్చేవాడు వేరు, కర్ర చెక్కేవాడు వేరు, బొమ్మలు చెక్కేవాడు వేరు, చివర అన్నీ కలిపి ముగించేవాడు వేరు. ఒక్కొక్కడూ ఏళ్ల తరబడి గురువు దగ్గర కూర్చుని నేర్చినవాడు. మన ఊళ్లో కమ్మరి, కంసాలి, వడ్రంగి ముగ్గురూ ఒక వస్తువు మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో అలాంటిది.

గొట్టం సంగతి ముందు చెప్పనివ్వండి. నాకు అందులో ఉన్నంత అద్భుతం ఇంకెక్కడా లేదు.

గొట్టం నిటారుగా ఉందో లేదో పాతకాలం పనివాడు బద్దతో చూడడు, కంటితో చూస్తాడు. కిటికీ వైపు తిప్పి గొట్టంలోంచి వెలుతురు చూస్తాడు. లోపలి నున్నటి గోడ మీద కిటికీ అడ్డపట్టీ నీడ ఒక గీతలా పడుతుంది. ఆ గీత ఎక్కడన్నా వంకర తిరిగితే గొట్టం అక్కడ వంకర ఉన్నట్టు. ఆ చోట ఒక చిన్న దెబ్బ వేసి మళ్లీ చూస్తాడు. నీడను సరిచేస్తూ ఉక్కును సరిచేస్తాడన్న మాట.

తరవాత రెండు గొట్టాలు కలపాలి. పక్కపక్కనే సమాంతరంగా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ, ఉండవు. మూతి వైపు కొంచెం దగ్గరకు వస్తాయి. కుడి గొట్టం పేలితే తుపాకీ కుడికి తన్నుతుంది, ఎడమది పేలితే ఎడమకి. ఆ తన్నును లెక్కలోకి తీసుకుని, నలభై గజాల దూరంలో రెండు గొట్టాల ఛర్రాలూ ఒకే చోట పడేట్టు కలపాలి. ఆ కలయిక కుదరకపోతే మిగతా అందమంతా వృథా.

ఇంకో సూక్ష్మం ఉంది. మూతి దగ్గర గొట్టం బోలును కొంచెం ఇరుకు చేస్తారు. దాన్ని చోక్ అంటారు. బాగా బిగువైన చోక్ అంటే ఒక మిల్లీమీటరు ఇరుకు, అంతే. ఆ ఒక్క మిల్లీమీటరు వల్ల నలభై గజాల దూరాన ముప్పై అంగుళాల వలయంలో నూటికి డెబ్బై ఛర్రాలు పడతాయి. ఇరుకు అసలే లేకపోతే నలభై పడతాయి. అందుకే జోడు గొట్టాల్లో కుడిదాన్ని వదులుగా, ఎడమదాన్ని బిగువుగా చేయడం ఆనవాయితీ. దగ్గర్లో లేచిన పిట్టకు మొదటిది, దూరం పోయాక రెండోది. రెండు ట్రిగ్గర్లు ఉండటం కూడా ఇందుకే.

బరువు చూస్తే మొత్తం మూడు కిలోలు. తూటా కూర్చునే వెనక భాగంలో గొట్టం గోడ మందంగా ఉంటుంది, పేలినప్పుడు చదరపు అంగుళానికి దాదాపు మూడు టన్నుల ఒత్తిడి తగిలేది అక్కడే. ముందుకు పోయేకొద్దీ పనివాడు ఆకురాయితో పల్చన చేసుకుంటూ పోతాడు. బాగా పల్చటి చోట అర మిల్లీమీటరు పైన కొంచెం మాత్రమే మిగులుతుంది. ఇంకొక్క గీత ఎక్కువ గీస్తే గొట్టం పనికిరాదు. గీయకపోతే తుపాకీ ముందుకు తూగుతుంది, చేతికి బరువవుతుంది. మిస్త్రీ అన్న ‘ఆకురాయి ఎక్కడ ఆపాలో’ అన్న మాట ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రతి గొట్టాన్నీ మామూలుకన్నా ఎక్కువ మందు పోసి పేల్చి చూసి, నిలిస్తే ముద్ర కొడతారు. లండన్‌లో ఆ పని చేసే గన్‌మేకర్ల సంఘం 1637 నుంచీ ఉంది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో వచ్చింది. మా తుపాకీ అడుగున కూడా ఆ చిన్న ముద్రలున్నాయి.

ఇక కర్ర. భద్రాచలం టేకును మించిన కర్ర లేదని మనవాళ్ల నమ్మకం. తలుపులకూ పడవలకూ అది నిజమే. తుపాకీకి కాదు. టేకులో ఇసుక లాంటి పదార్థం ఉండి పనిముట్టు మొద్దుబారిపోతుంది. తన్నుకు చీలే గుణం కూడా ఉంది. తుపాకీకి అక్రోట్ కర్ర వాడతారు, టర్కీ నుంచి వచ్చే ముసలి చెట్ల మొదలు. ఏళ్ల తరబడి నీడన ఆరబెడతారు. ఆ దుంగలో ఏ ముక్క ఎటు కోయాలన్నది సగం విద్య. చెయ్యి పట్టే సన్నటి చోట నారలు తిన్నగా పోవాలి, లేకపోతే తన్నుకు విరుగుతుంది. భుజానికి ఆనే వెడల్పు చోట మాత్రం ఎంత మెలికలు తిరిగితే అంత అందం. ఒకే ముక్కలో రెండూ దొరకాలి. దొరికాక దాన్ని ఉక్కుకు అతకడానికి మళ్లీ అదే మసి. ఉక్కు మీద మసి పూసి కర్రలో కూర్చోబెట్టి, మరక పడ్డ చోట ఉలితో ఒక పొర తీయడం. చివర అవిసె నూనె. వారాల తరబడి, రోజూ కొంచెం, అరచేతి వేడితో రుద్దుతారు. వార్నిష్ డబ్బాలో ముంచిన బ్రష్షు ఆ మెరుపును ఎప్పటికీ తీసుకురాలేదు. నేను చేత్తో తాకి చూసి చెబుతున్నాను.

కొలతలు కూడా దర్జీ పద్ధతిలోనే తీసుకుంటారు. ఛర్రా తుపాకీకి వెనక గురిచూసే గుర్తు ఉండదు. కాల్చేవాడి కన్నే ఆ గుర్తు. చెంప కర్రకు ఆనించగానే కన్ను సరిగ్గా గొట్టాల మధ్య పట్టీ మీదికి రావాలి. మెడ పొడుగు, భుజం వెడల్పు, చెయ్యి నిడివి, అన్నీ చూస్తారు. కీళ్లతో అటూ ఇటూ వంగే ఒక నమూనా తుపాకీ చేతికిచ్చి, అది కుదిరిన కొలతలు రాసుకుంటారు. కుడి భుజం మీంచి కాల్చేవాడికి ఎడమ కన్ను బలంగా ఉంటే, కర్రను చెంప ముందు నుంచి వంపు తిప్పి ఎడమ కంటి దాకా తెచ్చిన తుపాకులు కూడా చేశారు. అలాంటిది చూస్తే విరిగి వంకరైందనుకుంటారు, కానీ అది ఒక్క మనిషికోసం చేసిన వంపు.

తుప్పు గురించి ఒక విచిత్రం చెప్పి ఈ భాగం ముగిస్తాను. గొట్టాలకు ఉండే ఆ నల్లటి నిగారింపు రంగు పూస్తే వచ్చింది కాదు. ఉక్కుకు కావాలనే తుప్పు పట్టిస్తారు. ద్రావకం రాసి తేమ గదిలో పెడతారు. సన్నటి తుప్పు పొర వస్తుంది. నీళ్లలో మరగబెడితే ఆ ఎర్ర తుప్పు నల్లబడుతుంది. పైపొడిని సన్నటి తీగల బ్రష్షుతో దులిపి మళ్లీ ద్రావకం, మళ్లీ తుప్పు, మళ్లీ మరగడం. రోజుల తరబడి అలా చేస్తే చివరికి ఆ పొరే గొట్టానికి కవచమవుతుంది. తుప్పును తుప్పుతోనే ఆపే విద్య ఇది.

చెక్కడం, బంగారు పొదుగులు, పువ్వులు, తీగల సంగతి ఎక్కువ చెప్పను. కళ్లకు ఇట్టే కనిపించేవి అవే, ఫొటోలన్నీ వాటివే. నాకు మాత్రం కనపడని చోట చేసిన పని మీదే గౌరవం. మంచి తుపాకీ విప్పి చూడండి, లోపలి ముఖాలు కూడా బయట ఎంత నున్నగా ఉంటాయో అంత నున్నగా ఉంటాయి. గొట్టాల అడుగున, కర్ర కింద దాగిపోయే చోట పనివాడి పేరులోని మొదటి అక్షరాలు చిన్నగా కొట్టి ఉంటాయి. మరల తలల మీది గాట్లన్నీ గొట్టం వెంబడి ఒకే వైపు చూస్తుంటాయి. ఒక్కటి పక్కకు తిరిగి ఉందంటే ఎవడో తెలియనివాడు స్క్రూడ్రైవర్ పెట్టాడన్న మాట. మా మిస్త్రీ రేకు పెట్టెలో ఆ గాట్లకు సరిపోయేట్టు అరగదీసుకున్న తొమ్మిదో పదో స్క్రూడ్రైవర్లు ఉండేవి. దేని గాటుకు దానిదే.

మరి ఈ సరుకు మన వైపు ఎలా వచ్చిందంటారా? షికారు రాజ్యమేలిన రోజుల్లో హైదరాబాద్ సంస్థానం దానికి పెద్ద నెలవు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు వేట ప్రాణం. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ ఆ వేట మజిలీలన్నీ ఫొటోలు తీశాడు. ఖమ్మంలో రైలెక్కి డోర్నకల్, మహబూబాబాద్ దాటితే నెక్కొండ వస్తుంది కదా. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ దొర, ఆయన భార్య నెక్కొండ దగ్గర గుడారాలు వేసుకుని పులుల వేట ఆడారు. చచ్చిన పులి వెనక వాళ్లిద్దరూ నిలబడ్డ ఫొటో దీన్ దయాళ్ తీసిందే, ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. నేను ఆ ఫొటోలో పులిని చూసి బాధపడతాను, ఆ తరవాత తుపాకుల మీద చూపు ఆగుతుంది. రెండూ నిజమే, ఏదీ దాచను. పులికి వాడేది గొట్టం లోపల మెలితిరిగిన గాడులుండే రైఫిల్. పిట్టకు వాడేది నున్నటి గొట్టం తుపాకీ. చేసే కార్ఖానాలు మాత్రం అవే. కలకత్తాలో రోడా లాంటి దుకాణాలు తెప్పించి అమ్మేవి. 1914 ఆగస్టులో ఆ రోడా కంపెనీకి వచ్చిన మౌజర్ పిస్తోళ్లు యాభై బెంగాల్ విప్లవకారులు దారిలోనే ఎత్తుకుపోయారు. దొరల విలాసం కోసం తెరిచిన దారిలోనే స్వరాజ్యం కోసం ఆయుధాలు కూడా వచ్చాయి.

మన నేల తుపాకులు కొనుక్కున్న నేల మాత్రమే కాదు, చేసిన నేల కూడా. హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ అని బస్సు కండక్టర్ కేకేసే చోట 1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోసే కార్ఖానా పెట్టాడు. తోప్ కా సాంచా అంటారు పాతబస్తీవాళ్లు. ఆ రేమండే జనం నోట మూసారామ్ అయ్యాడు, మూసారాంబాగ్ ఆయన పేరే. నిర్మల్‌లో ఫిరంగులు పోసేవారు. ఇప్పుడు నిర్మల్ అంటే పొణికి కర్ర బొమ్మలు. బొమ్మలే మేలు, ఆ మార్పు నాకు నచ్చుతుంది. ఇంకా వెనక్కి పోతే నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. అక్కడి కమ్మర్లు మట్టి మూసల్లో ఇనుము కరిగించి చేసిన ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి పారసీక వర్తకులు వచ్చి కూర్చునేవారు. 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్లి చూసిన వాయ్‌సీ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త ఆ పని తీరంతా రాసిపెట్టాడు. అదే రోజుల్లో లండన్‌లో మైకెల్ ఫెరడే మన దేశపు ఉక్కు ముక్కలను పరీక్షిస్తూ, అలాంటిది తనూ చేయాలని తంటాలు పడ్డాడు. విద్యుదయస్కాంత ప్రేరణ కనుక్కున్న ఫెరడే కంటే ముందు ఉక్కు వెంటపడ్డ ఫెరడే ఉన్నాడు. ఇంగ్లీషు నిఘంటువులోకి ‘వూట్జ్’ అని వెళ్లింది మన ఉక్కు మాటేనని పండితులంటారు.

ఇక్కడ ఒక పొరపాటు సరిదిద్దాలి. పాత తుపాకీ గొట్టాల మీద అలలు అలలుగా కనిపించే డమాస్కస్ గీతలు మన కోనసముద్రం ఉక్కువి అని కొందరు చెబుతారు. కాదు. ఇనప, ఉక్కు పట్టీలను కలిపి, తాడులా మెలితిప్పి, ఒక కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి అతికిన గొట్టాలవి. బెల్జియంలోని లీజ్ చుట్టుపక్కల ఊళ్లు వాటికి పేరుపడ్డాయి. డమాస్కస్ కత్తి మీది గీతలు మూసలో పుట్టినవి, తుపాకీ మీది గీతలు సుత్తి కింద పుట్టినవి. రెండూ అందమే, రెండూ వేరు. మీ ఇంట్లో అలాంటి గీతల గొట్టముంటే ఇప్పటి తూటా అందులో పెట్టకండి. అది నల్ల తుపాకిమందు కాలం నాటిది, చెయ్యి పోతుంది.

మన కమ్మరి చివరిగా చేసిన తుపాకీ భర్మార్. మూతిలోంచి మందు దట్టించి పేల్చేది. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో, 1946 తరవాత, మధిర, ఖమ్మం తాలూకాల దళాలు గడీల్లోంచి దొరల తుపాకులు తెచ్చుకున్నాయి. దొరకని చోట కమ్మరి కొలిమిలో భర్మార్లు పుట్టాయి. నేను ఒకటి చూశాను. నీళ్ల పైపులాంటి గొట్టం, ఏదో అడవి కర్ర మడమ. దానికి నగిషీ లేదు, కొలత లేదు. అయినా దాన్ని చేసినవాడు రాత్రికి రాత్రే, చీకట్లో, ప్రాణం పణంగా పెట్టి చేశాడు. దాన్ని లండన్ సరుకు పక్కన పెట్టి ఏది గొప్పదని అడిగితే నేను ఆ ప్రశ్నకే ఒప్పుకోను. ఒకడికి రెండేళ్ల గడువిచ్చారు, ఇంకొకడికి ఒక్క రాత్రి కూడా ఇవ్వలేదు. కోనసముద్రం చేతికి రెండేళ్ల గడువు, ఆగే కొనుగోలుదారుడు దొరికి ఉంటే ఏం చేసి ఉండేదో అన్నదే నా బాధ. పనివాడి చెయ్యి చచ్చిపోయేది నైపుణ్యం లేక కాదు, ఆగి కొనేవాడు లేక.

ఇప్పుడు నా కడుపులో ఉన్న మాట.

1980ల నడిమి నుంచి మన దేశంలో మామూలు మనిషి విదేశీ తుపాకీ తెప్పించుకునే దారి మూసుకుపోయింది. అంటే తాతలనాడు వచ్చినవే, ఇక కొత్తవి రావు. 2019లో ఆయుధ చట్టం సవరించి, ఒక లైసెన్సు మీద మూడు ఉండవచ్చన్న దాన్ని రెండుకు తగ్గించారు. తాతల నుంచి వచ్చినవి కూడా ఆ లెక్కలోకే. ఆయుధాలు తగ్గాలన్న ఉద్దేశం సరైందే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ మూడోదాన్ని అప్పగించేటప్పుడు అదేమిటో చూసేవాళ్లు లేరు. పెద్దాయన పోయాక పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, లైసెన్సు తమ పేరున మార్పించుకునే ఓపిక ఉండదు. తుపాకీని డీలరు దగ్గరో స్టేషన్‌లోనో జమ చేసి చేతులు దులుపుకుంటారు. ఎవరూ అడగని వాటిలో చాలా వాటి దారి చివరికి కోతకో కొలిమికో.

ఇంకొకటి ఎన్నికలు. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులు జమ చేయమంటారు. చేస్తాం, చేయాల్సిందే. పెదనాన్న తరవాత తుపాకీ మా అన్నయ్య పేరుకు వచ్చింది. ఒకసారి ఎన్నికలకు ముందు మేమిద్దరమే తీసుకెళ్లి ఒక స్టేషన్‌లో ఇచ్చాం. అప్పటిదాకా ఏటా నూనె పెట్టి, గుడ్డలో చుట్టి, బీరువాలో నిలబెట్టినది. రెండున్నర నెలలకు చేతికొచ్చింది. వాన కారే గది మూల గచ్చు మీద పడి ఉందిట. మిస్త్రీ ఆకురాయి పెట్టనన్న చోట ఎర్రటి తుప్పు. కర్ర మీద జమ నంబరు పెయింటుతో రాసి ఉంది. అన్నయ్య ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. ఆ మిస్త్రీ ఇప్పుడు లేడు. ఖమ్మంలో ఆయన పని నేర్చినవాడు కూడా నాకు కనిపించలేదు. మేమే కిరసనాయిలుతో తుడిచి, అవిసె నూనె తెచ్చి ఆ కర్రను రుద్దాం. పెయింటు పోయింది, తుప్పు తిన్న గుంటలు పోలేదు. ఒక గుడ్డ సంచి, నేల మీంచి జానెడు ఎత్తున ఒక కర్ర పలక, పది రూపాయల నూనె ఉంటే సరిపోయేది. జమ చేసుకునే గదుల్లో ఈ మూడూ ఉండాలని నా విన్నపం.

చేతిపని చూడాలనిపిస్తే హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది ఉంది, చౌమహల్లా ప్యాలెస్‌లో కూడా ఉంది. పిల్లలను తీసుకెళ్లండి. కత్తుల దగ్గర గుమిగూడతారు, కాసేపు తుపాకుల దగ్గరికి కూడా లాక్కెళ్లి మరల గాట్లు ఏ వైపు చూస్తున్నాయో చూడమనండి.

మీ ఇంటి అటక మీదో, మేనమామ బీరువాలోనో పాత జోడు గొట్టాల తుపాకీ ఉంటే ఒక పని చేయండి. తోలు సంచిలో ఉంటే ముందు బయటికి తీయించండి, తోలు తేమను పీల్చి ఉక్కును తింటుంది. తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, లైసెన్సున్న మనిషి చేతే గొట్టాలు విడదీయించండి. గొట్టాల అడుగున, ముందు కర్ర తీస్తే కనిపించే చోట, ముద్రల పక్కన ఒక నంబరు ఉంటుంది. పైన పట్టీ మీద చేసినవాళ్ల పేరుంటుంది. పర్డీ, హాలండ్, వెస్ట్లీ రిచర్డ్స్ లాంటి కంపెనీలు నూరేళ్ల నాటి ఖాతా పుస్తకాలను దాచుకున్నాయి. ఆ నంబరు పంపితే అది ఏ సంవత్సరం చేసిందో, ఏ కొలతలతో చేసిందో, ఎవరికోసం చేసిందో ఆ పుస్తకం చూసి చెబుతారు. స్టేషన్‌కు అప్పగించే ముందు, అమ్మే ముందు, ఆ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.